కాగు కింద మంట

నవంబర్ 3

ఈ రోజు నుంచి రాయక తప్పదు. కారణం ముందే చెబుతాను. బూడిదగుట్ట గ్యాస్ హౌస్ నుంచి కార్మికుల లైన్లలోని ఇళ్లకు వచ్చే గ్యాసు పూర్తిగా మండుతుందని, దానివల్ల హాని లేదని జులైలో ఇచ్చిన ధ్రువపత్రం మీద నా పేరు ఉంది. ఆ పేరును వెనక్కి తీసుకోవాలనుకుంటున్నాను. అలా అడిగే ఉద్యోగి తన కారణాలను ఏ రోజువి ఆ రోజు రాసి ఇంధన భద్రతా కమిషనర్ గారికి నేరుగా పంపాలని నిబంధన. అంతా అయ్యాక తీరిగ్గా కూర్చుని రాస్తే చెల్లదు. ఈ ఉదయం మా పై అధికారి ప్రభంజన్‌రావు సార్ రెండో ధ్రువపత్రం నా బల్ల మీద పెట్టారు. ఈ నెల 28న, ఆ గ్యాసు నుంచి హైడ్రోజన్ వడకట్టే రెండో టవర్ మొదలవుతుంది. ఆలోపు దాని మీద కూడా నా సంతకం కావాలట.

నా పేరు జాడి సునంద. గ్యాస్ హౌస్‌లో మంట లెక్కలు కట్టే విభాగంలో పని చేస్తాను. విభాగం అంటే నేనూ, లెక్కల యంత్రం నడిపే ఇంతియాజ్ అన్నా. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. మా తాత బొగ్గుబాయిలోకి దిగేవాడు. మా నాయన దిగలేదు. అప్పటికే బొగ్గును భూమిలోనే అంటించి, దాని గ్యాసును బోర్ల గుండా పైకి తోడడం మొదలైంది. నాయన పోచయ్య ఒక బోరు దగ్గర కాపలా ఉంటాడు.

నిన్న మూడో లైన్లో దాసరి లావణ్య చనిపోయింది. కాన్పయి తొమ్మిది రోజులు. బిడ్డ కూడా పోయింది. వానాకాలం వెళ్లాక మా లైన్లలో పోయిన బాలింతల్లో ఈమె మూడోది. మొదటి ఇద్దరినీ నేను చూడలేదు. లావణ్యను చూడడానికి అవ్వతో, అంటే మా అమ్మతో, కలిసి వెళ్లాను.

లైన్లలో బాలింతలందరికీ నీళ్లు పోసే ఈరమ్మ ఆమె తల దగ్గర కూర్చుని ఉంది. ఏడుస్తూనే మాకు చూపించింది.

"చూడుండ్రి, ముఖం ఎట్ల కళకళలాడుతుందో. బుగ్గలు గులాబి పువ్వు లెక్క ఉన్నయ్. పుణ్యాత్మురాలు. లక్ష్మి లెక్క పోయింది."

ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వంగి ఆ బుగ్గలను తాకి కళ్లకద్దుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్ నెత్తుట్లో చేరితే చనిపోయిన మనిషి చర్మం అలాగే ఎర్రగా ఉంటుంది. ఆ మాట పుస్తకంలో చదివాను. కళ్లతో చూడటం ఇదే మొదటిసారి.

ఈ రోజు ఆ సంగతి సార్‌కు చెప్పాను. ఆయన విసుక్కోలేదు. నెమ్మదిగానే అన్నారు.

"మనం డాక్టర్లం కాదమ్మా. డాక్టర్ గారు రక్తం తక్కువని రాశారు. మీ లైన్లో వాళ్లు గాలి సోకిందంటున్నారు. రెండు కారణాలు ఉండనే ఉన్నాయి. నువ్వు మూడోది తేకు."

మా వదిన తిరుమలకు నెలలు నిండాయి. కాన్పు ఈ వారమో, వచ్చే వారమో.

నవంబర్ 5

పొద్దున అవ్వతో కలిసి పెరట్లో మిరపకాయలు ఆరబెట్టాను. ఎండ లేదు. మాకు ఎండతో పని కూడా లేదు. కింద బొగ్గు కాలుతుంటుంది కనుక నేలే కాయలను ఆరబెడుతుంది. లైన్లలో దీన్ని భూమి జ్వరం అంటారు. చలికాలం పాదాలు వెచ్చగా ఉంటాయి, వీపు వణుకుతుంది. మా దగ్గర చెట్టు నిలవదు. అందుకే కట్టెల పొయ్యి అన్న మాట మా తరానికి కథల్లోనే తెలుసు.

పైకి వచ్చే గ్యాసులో ముఖ్యమైనవి రెండు, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్. మీకు తెలిసిన సంగతే అయినా నా కారణం ఇందులోనే ఉంది కనుక రాస్తున్నాను. కార్బన్ మోనాక్సైడ్ తనంతట తాను మండడానికి మొండికేస్తుంది. మంటలో హైడ్రోజన్ పగిలి, ఆక్సిజన్ ముక్కతో కలిసి, చురుకైన ఒక జంట తయారవుతుంది. ఆ జంట వచ్చి పట్టుకుంటేనే కార్బన్ మోనాక్సైడ్ కాలి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అప్పుడు ఒక హైడ్రోజన్ ముక్క విడిపోతుంది. అది ఇంకో ఆక్సిజన్‌ను పగలగొడుతుంది. అలా గొలుసు సాగుతుంది. హైడ్రోజన్ ఉన్నంత సేపు విషం కూడా బుద్ధిగా కాలిపోతుంది.

నా చిన్నప్పుడు ఇళ్లకు వచ్చే గ్యాసులో వందకు నలభై వంతులు హైడ్రోజన్ ఉండేదట. ఆగస్టులో మొదటి టవర్ వచ్చింది. ఆ టవర్ హైడ్రోజన్‌ను వడకట్టి నగరం బస్సులకు పంపుతుంది. మిగిలింది మా పొయ్యిలకు వస్తుంది. జులైలో నన్ను అడిగినప్పుడు, హైడ్రోజన్ ఇరవై వంతులకు తగ్గనంత వరకు భయం లేదని లెక్కకట్టి రాశాను. ఆ మాట ధ్రువపత్రంలో ఉంది. ఇవాళ పైపులో ఎంత ఉందో ఇంతియాజ్ అన్నను అడిగితే ఎనిమిది అన్నాడు. రెండో టవర్ మొదలైతే రెండు.

"ఎనిమిదని ఎవలు చెప్పమన్నరు నీకు?" అన్నాను.

"మీటర్ చెప్పింది చెల్లె. మీటర్‌కు ప్రమోషన్ అక్కర్లేదు గద, నిజమే చెప్తది."

మంటలో ఏది దేనితో ఎంత వేగంగా కలుస్తుందో చెప్పే చర్యల వరుసలు మా దగ్గర రెండున్నాయి. పెద్దదానిలో ముప్పైకి పైగా చర్యలు, చిన్నదానిలో తొమ్మిది. హైడ్రోజన్ బాగా ఉన్న రోజుల్లో మిగతా చర్యలు ఉన్నా లేకపోయినా జవాబు మారేది కాదు. చిన్నది తొందరగా తేలుతుంది. కాబట్టి గ్యాస్ హౌస్‌లో అందరికీ అదే అలవాటైంది. ఇప్పుడు పెద్దది నడపాలని అడిగాను. ఇంతియాజ్ అన్న తల గోక్కున్నాడు. పగటి కరెంటు టవర్‌కే చాలడం లేదు. అయినా ఒప్పుకున్నాడు.

నవంబర్ 8

పెద్ద వరుస జవాబిచ్చింది. ఎనిమిది వంతుల హైడ్రోజన్‌తో కూడా కార్బన్ మోనాక్సైడ్ దాదాపు అంతా కాలిపోతోంది. చిన్న వరుస చెప్పిందీ అదే.

నేను ఏడవడం ఒక్కటే తక్కువ. నా లెక్క తప్పని తేలితే బాగుండునని కోరుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

"సంతోషపడాలె గద," అన్నాడు ఇంతియాజ్ అన్న. "గ్యాసు మంచిదే. ఇగ సంతకం గొట్టు, ఇంటికి వో."

ఇంటికి పోయాను. నాయన కాపలా దిగి వచ్చాడు. అవ్వ ఆయన స్నానానికి కాగు నిండా చల్లటి నీళ్లు పోసి వాకిట్లో పొయ్యి మీద పెట్టింది. మా లైన్లలో ప్రతి ఇంట్లోనూ ఆ నల్లటి రాగి కాగు ఉంటుంది. నీళ్లు నిండితే ఇద్దరు మోస్తే గానీ లేవదు. నేను అక్కడే కూర్చుని చూస్తున్నాను. ఖాళీ పొయ్యి మీద నీలంగా, నిటారుగా ఉన్న మంట, కాగు పెట్టగానే అడుగుకు తగిలి నలుదిక్కులా పాకింది. అంచుల్లో రంగు వెలిసిపోయింది. అక్కడక్కడ మంటే లేదు. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది.

నా లెక్కలో మంట మీద ఏమీ లేదు. జులైలోనూ లేదు, నిన్నా లేదు. ఎవరూ వండని, ఎవరూ నీళ్లు కాచుకోని పొయ్యికి నేను లెక్క కట్టాను.

"ఏందే, మంటను గట్ల చూస్తున్నవ్, ఎన్నడు చూడనట్టు?" అంది అవ్వ.

నవంబర్ 10

లెక్కలో చల్లటి రాగి అడుగును చేర్చాను. అప్పుడు రెండు వరుసలూ విడిపోయాయి.

చల్లటి చోట హైడ్రోజన్ ముక్క ఆక్సిజన్‌ను పగలగొట్టదు. దాన్ని అంటుకుని మందకొడిగా ఉండిపోతుంది. గొలుసు అక్కడ తెగుతుంది. ఆ మందకొడి జంట తర్వాత ఏమవుతుందో చెప్పే చర్యలు చిన్న వరుసలో లేవు. అవసరం లేదని ఎప్పుడో ఎవరో తీసేశారు. నలభై వంతుల హైడ్రోజన్ ఉంటే నిజంగానే అవసరం లేదు, ఒక గొలుసు తెగితే పక్కన పది ఉంటాయి. ఎనిమిది వంతులున్నప్పుడు పక్కన ఏమీ లేదు. కాగు కింది నుంచి కార్బన్ మోనాక్సైడ్ కాలకుండా జారిపోతుంది. గ్యాసులో కలిపే వాసన మందు మాత్రం ఆ కాస్త వేడికే కాలిపోతుంది. అందుకే ఎవరికీ వాసన రాదు. రెండో టవర్ తర్వాతి రెండు వంతులకు లెక్క కడితే, ఇలా జారిపోయేది ఇప్పటికి ఆరింతలు వచ్చింది. మళ్లీ కట్టాను. మళ్లీ అదే.

లెక్క చాలదని మా కాగును సైకిల్ వెనక కట్టుకుని గ్యాస్ హౌస్‌కు తెచ్చాను. గేటు దగ్గర కొమురయ్య తాత ఆపాడు.

"ఏంది సునందమ్మా, తానం గూడ ఆఫీసులనేనా?"

"అవు తాతా. సబ్బు తెచ్చుడు మర్చిపోయిన."

పరీక్ష గదిలో పొయ్యి మీద కాగు ఎత్తి నీళ్లు పోశాం. కిటికీలు మూశాం. ఇంతియాజ్ అన్న, "కాగినంక చెప్పు, నేను గూడ రెండు చెంబులు పోసుకుంట" అంటూ ఉన్నాడు. నీళ్లు గోరువెచ్చన కాకముందే మీటరు కూత పెట్టింది. ఆయన నవ్వు ఆగిపోయింది. పరిగెత్తి తలుపులు తీశాడు. నా చెయ్యి పట్టుకుని బయటకు లాగాడు.

కూత విని ప్రభంజన్‌రావు సార్ వచ్చారు.

"పొయ్యి మీద అదేమిటి?"

"కాగు సార్."

"ప్రమాణం చదివావు కదా. పరీక్ష చేసేటప్పుడు పొయ్యి మీద ఏమీ ఉండకూడదు."

"పొయ్యి మీద ఏమీ లేకుండా ఎవరు వెలిగిస్తారు సార్?"

"పరీక్ష చేసేవాళ్లు," అన్నారు ఆయన.

ఎగతాళిగా అనలేదు. ఉన్న సంగతి చెప్పారు, అంతే. నేను రాసిచ్చిన అంకెలను 'ప్రమాణానికి లోబడని పరీక్ష' అని రాసి పక్కన పెట్టారు.

నవంబర్ 13

మొన్న వదినకు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. నిన్న ఇంటికి పంపారు. పిల్లకు జుట్టు చాలా ఉంది. అన్న రోజంతా దాని వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఈ రోజు మొదటి స్నానం. పనికి పోకుండా ఆగాను. నేను లేచేసరికే అవ్వ పురిటి అర్ర కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కుక్కుతోంది. తలుపు కింద గోనెసంచి. అర్రలో మూలకు పొయ్యి, పొయ్యి మీద కాగు, పైపు గడప మీదుగా లోపలికి. ఈరమ్మ కొంగు నడుముకు దోపుకుని తయారుగా ఉంది.

"పొయ్యి బయట పెడదామవ్వా," అన్నాను.

"బాలింతకు గాలి తగిలితే ఏమైతదో ఎరుకేనా నీకు? నిన్ను కన్నప్పుడు మా అత్త ఒక్క సందు ఉంచలే. అందుకే బతికినవ్, బతికి గిట్ల నోరు జేస్తున్నవ్."

"నాకప్పుడు నీళ్లు వాకిట్లనే కాగబెట్టిన్రు గద. నువ్వే చెప్పినవ్."

"అప్పుడు గ్యాసంటె భయం ఉండె. ఇప్పుడు నువ్వున్నవ్ గద," అంది అవ్వ.

నాకు వెంటనే అర్థం కాలేదు.

ఈరమ్మ అందుకుంది. "లోపల పెట్టుకుంటె ఏం గాదని జులైల కంపెనోళ్లు మైకుల నీ పేరు జెప్పిరి. అర్ర ఎచ్చగుంటది, నీళ్లు సల్లారయ్. ఇన్నేండ్ల సంది నీళ్లు పోస్తున్న, నాకు గిదే మంచిగనిపించింది. ఇప్పుడేమో నువ్వే వద్దంటవ్. నీ సదువు ఎటు గాలొస్తె అటు తిరుగుతదా బిడ్డా?"

లావణ్య బుగ్గల గురించి చెప్పాను. కాగు గురించి చెప్పాను. మీటరు కూత గురించి చెప్పాను. ఈరమ్మ విన్నది. విని, "లావణ్యకు సోకింది సోకుడే. నేనే పోసిన ఆమెకు నీళ్లు. మరి నాకెందుకు ఏం గాలే?" అంది. ఆమె నీళ్లు పోసి బయటకు వచ్చేసింది. లావణ్యా బిడ్డా ఆ అర్రలోనే పడుకున్నారు, రెండో కాగు పొయ్యి మీద కాగుతుండగా. అది కూడా చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది. "అంటె నేనే సంపిన్నంటవా?" అని కూర్చున్న చోటి నుంచి లేచింది.

అన్నను పిలిచాను. "ఆడోళ్ల ముచ్చట్ల నన్ను జొరబెట్టకుండ్రి" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇక ఎవరినీ అడగలేదు. గ్యాసు కట్టేసి, పైపు పీకి, పొయ్యిని వాకిట్లోకి ఈడ్చాను. కాగు నీళ్లతో సహా లేవలేదు, సగం నేల మీద పారబోశాను. పేలికలు లాగేశాను. అవ్వ నెత్తి కొట్టుకుంటూ నన్ను తిట్టని తిట్టు లేదు. అప్పుడు మంచం మీది నుంచి వదిన అంది.

"అత్తమ్మా, గామెకు గంత పానం ఉంటె నీళ్లు మొయ్యనియ్యి. పెండ్లయి వొయేదాంక నాకు నౌకరు దొరికినట్టె."

అంత గొడవలోనూ నాకు నవ్వొచ్చింది. అవ్వకు రాలేదు. "పసిగుడ్డుకు సలి పెడితె దాని ఉసురు నీకే తగుల్తది" అంది. ఈరమ్మ వెళ్లిపోయింది. నీళ్లు నేనే కాచి, నేనే మోసి, నేనే పోశాను. వదిన బాగుంది. పిల్ల తుమ్మింది. ఆ తుమ్ము లైన్లంతా తిరిగి వచ్చింది.

నవంబర్ 16

సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను. కాగు అర్రలో పెట్టకండి, బయట కాచుకోండి అని. కొందరు మంచినీళ్లిచ్చి పంపిస్తారు. ఒకామె, "సర్కారోళ్లా, సంఘపోళ్లా మీరు?" అని అడిగింది. నేను పోచయ్య బిడ్డనని చెప్తే, "మరి నీకెందుకీ పని?" అంది.

మూడో లైన్లోకి పోవడానికి మూడు రోజులుగా భయపడ్డాను. ఈ రోజు వెళ్లాను. లావణ్య తల్లి మల్లక్క గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. నేను చెప్పిందంతా విన్నది. పిక్కలు తీయడం ఆపలేదు.

"జులైల మైకుల నీ పేరు జెప్పిన్రు," అంది. "జాడి పోచయ్య బిడ్డ, మన లైన్ల పిల్ల, సదివి లెక్కగట్టి చెప్పింది, గ్యాసు మంచిదని. నేను మా లావణ్యను పిలిచి మరీ ఇనిపిచ్చిన. చూడు, పోచయ్య బిడ్డ ఎంతదాయెనో అని. అప్పటిదాంక మేము అర్రల పొయ్యి పెట్టకపోతుంటిమి."

"ఇరవై వంతుల దాంకనే అని రాసిన మల్లక్కా. ఆ మాట మైకుల చెప్పలే వాళ్లు."

"ఇరవై ఏంది బిడ్డా?"

హైడ్రోజన్ అన్నాను. ఆ మాట నా నోట్లోనే నాకు చేదుగా తగిలింది. మల్లక్క నా ముఖం వైపు చూసింది.

"నీ వదినెకు బయట కాగబెడ్తున్నవట."

"అవును."

"ఎన్నడెరుకైంది నీకు?"

"లావణ్యను చూసినంక అనుమానమొచ్చింది. తర్వాత లెక్కగట్టిన."

"మా బిడ్డను జూసి నీ వదినెను కాపాడుకున్నవ్." ఆమె గొంతులో కోపం లేదు. "మంచిగనే చేసినవ్ తియ్యి. ఒక్కలన్న దక్కాలె గద."

నేను లేచాను. ఆమె కూర్చోమనలేదు, పొమ్మనలేదు. పిక్కలు తీస్తూనే ఉంది.

మా ఇంట్లో అచ్చులో పడిన మొదటి పేరు నాది. నాయన చదవలేడు కాబట్టి దాని ఆకారం చూసి గుర్తుపడతాడు. ఆ పేరును కంపెనీ ఏ పనికి వాడుకుందో నాకు ఇవాళ మల్లక్క వాకిట్లో తెలిసింది. వాళ్లకు కావలసింది నా లెక్క కాదు. నా లెక్కను వాళ్లు చదవనే లేదు. మా లైన్ల పిల్ల పేరు కావాలి, అంతే.

నవంబర్ 18

ప్రభంజన్‌రావు సార్ పిలిచారు. టీ తెప్పించారు. రెండో ధ్రువపత్రంలో కొత్త వాక్యం ఒకటి చేర్చారు. చదివి వినిపించారు. 'ధ్రువీకరించిన ఉద్యోగి ఇంట్లోనే బాలింత, శిశువు ఈ గ్యాసు వాడుతూ క్షేమంగా ఉన్నారు.'

"పొయ్యి బయట పెట్టాను కాబట్టి బాగున్నారు సార్."

"గ్యాసు అదే కదా?"

"అదే."

"నీళ్లు దానితోనే కాస్తున్నావు కదా?"

"అవును."

"మరి వాక్యంలో అబద్ధం ఎక్కడుంది, చెప్పు."

వెతికాను. అందులో ప్రతి మాటా నిజమే.

ఆయన చెడ్డ మనిషి కాదని కూడా ఇక్కడ రాయాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు కుర్చీ వేయించింది ఆయనే. ఆయన టీ తాగుతూ అన్నారు. "సునందా, నగరంలో నా మనవడికి మొన్న ఆగస్టు దాకా ఆయాసం. బస్సులు మారాక తగ్గింది. వాటి వెనక పొగ రాదు, నీళ్ల చుక్కలు రాలతాయి. వాడు వాటి కింద చెయ్యి పెడతాడు. వాళ్లూ పిల్లలే కదా. రెండు వైపులా చూడాలి."

"చూస్తున్నాను సార్. ఒక వైపు వాళ్లకు దగ్గు తగ్గుతోంది. ఒక వైపు వీళ్లకు ఊపిరే పోతోంది."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. నగరంలో ఒక ఖాళీ ఉందని, నేను ఊఁ అంటే వచ్చే నెలే బదిలీ చేయిస్తామని చెప్పారు. నేను ఊఁ అనలేదు. "సంతకం పెట్టకపోతే పెట్టకు. నువ్వు ఇచ్చిన పాతది కమిషనర్ రద్దు చేసేదాకా చెల్లుతుంది. దాని మీదే టవర్ నడుపుతాం. ఇరవై వంతుల మాట సాంకేతిక సవరణలో సర్దుకుంటుంది" అన్నారు.

బయటకు వస్తే యంత్రం గది తాళం మారింది. ఇంతియాజ్ అన్నను బోరు మీటర్ల పనికి మార్చారు. గేటు దగ్గర కలిశాడు.

"నీ వల్ల బాగుపడ్డ చెల్లె. ఇగ రోజంతా భూమి జ్వరం మీద కూసోని కాళ్లు కాపుకుంట," అన్నాడు. తర్వాత మెల్లగా, "మా ఇంట్ల గూడ కాగు వాకిట్లకు జరిపిన. మా అమ్మీ తిట్టుడు అయినంక చెప్త నీకు" అన్నాడు.

ఇన్ని రోజుల తిరుగుడులో నా మాట విన్న ఇల్లు అదొక్కటే.

నవంబర్ 20

ఈ రోజుతో దీన్ని ముగించి పంపుతున్నాను. టపా నగరానికి చేరడానికి రెండు రోజులు పడుతుంది.

నిన్న నాలుగో లైన్ నుంచి గోడిసెల భూలక్ష్మి, ఆమె తల్లి మా ఇంటికి వచ్చారు. భూలక్ష్మికి ఇది తొలి కాన్పు. 27కు నెలలు నిండుతాయని డాక్టర్ చెప్పాడు. వదిన బాగుందని విని, పిల్లను చూసి పోదామని వచ్చారు. తల్లి నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"మీ ఇంట్ల అందరు బాగున్నరు గద. మేము గూడ అర్రలనే పొయ్యి పెట్టుకుంటం. నీ మాట మీదనే."

నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. వద్దన్నాను. మా పొయ్యి వాకిట్లో ఉందని తీసుకెళ్లి చూపించాను. కాగు చూపించాను. నా మాట అది కాదని, అందులో సగం మాట మింగేశారని చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, నా భుజం తట్టింది.

"ఆఫీసుల నీకూ వాళ్లకూ ఏదో పడ్తలేదట గద, చెప్పుకుంటున్నరు. కోపంల ఏదేదో అంటం బిడ్డా. కంపెనీ మైకుల చెప్పనియ్యి, అప్పుడు ఇంటం."

వదిన లేచి వచ్చి చెప్పింది. అవ్వ కూడా, నన్ను తిట్టే అవ్వ, "నా బిడ్డ పిచ్చిదే గాని అబద్ధమాడది" అంది. భూలక్ష్మి మాత్రం మా పిల్లను ఒళ్లో పెట్టుకుని దాని జుట్టు నిమురుతూ కూర్చుంది. వెళ్లేటప్పుడు నన్ను అడిగింది. "అక్కా, పొయ్యి బయట పెడితె నీళ్లు సల్లారవా?" చల్లారతాయి, తొందరగా మోయాలి అన్నాను. "మా ఇంట్ల మోసేటోళ్లు లేరు," అంది.

మూడు పనులు అడుగుతున్నాను. జులై ధ్రువపత్రం నుంచి నా పేరు తీసేయండి. ఇళ్ల పైపులో హైడ్రోజన్ మళ్లీ ఇరవై వంతులకు వచ్చేదాకా రెండో టవర్ మొదలుపెట్టవద్దని ఆదేశం ఇవ్వండి. ఈ రెండూ మీకు కష్టమైతే, మూడోది ఒక్కటైనా చేయండి. మూసిన గదిలో కాగు పెట్టవద్దని అదే మైకులో, అదే గొంతుతో చెప్పించండి. దానికి నగరం ఏమీ పోగొట్టుకోదు. ఒక్క బస్సు కూడా ఆగదు.

నా లెక్క తప్పని మీవాళ్లు తేలిస్తే ఆ లెక్క నాకు పంపండి, కూర్చుని చదువుతాను. కానీ మంట మీద కాగు పెట్టి కట్టమనండి. లేదు, కుదరదు అనేదే మీ జవాబైతే, అదీ రాసి పంపండి. భూలక్ష్మి తల్లికి చదివి వినిపిస్తాను. నగరం మాట కాబట్టి వింటుంది, కనీసం వాళ్లకు మనం అక్కర్లేదని తెలుసుకుంటుంది, పొయ్యి బయటికి జరుపుతుంది.

ఏ జవాబైనా సరే, నవంబర్ 26 సాయంత్రంలోగా నాకు చేరాలి.

జాడి సునంద
మంట లెక్కల విభాగం, బూడిదగుట్ట గ్యాస్ హౌస్